గేమ్ హీరోకి గొంగడి కప్పితే: ఫోన్ స్క్రీన్‌పై నిలబడే లుక్ డిజైన్ చేయడం ఎలా?

ఫోన్‌లో గేమ్ ఆడేటప్పుడు మీ హీరో నిజంగా ఎంత సైజులో కనిపిస్తాడో ఎప్పుడైనా కొలిచారా? నేను స్కేలు పెట్టి మరీ కొలిచా. నాది 6.5 అంగుళాల డిస్‌ప్లే, 20:9 రేషియో. అడ్డంగా పట్టుకుంటే స్క్రీన్ ఎత్తు 6.8 సెంటీమీటర్లు. థర్డ్ పర్సన్ గేమ్‌లో హీరో తల నుంచి కాళ్ల దాకా వచ్చింది 2.3 సెంటీమీటర్లు. అంటే దాదాపు రెండు రూపాయల బిళ్లంత. దూరంలో ఉన్న శత్రువైతే అర సెంటీమీటర్ కూడా లేడు.

ఈ కొలత ముందే తెలిసి ఉంటే నా మొదటి డిజైన్ అంత ఘోరంగా ఫెయిలయ్యేది కాదు.

మాది మెదక్. ఫేమస్ గేమ్ హీరోలు మన ఊళ్లో పుట్టి ఉంటే ఎలా ఉండేవాళ్లు అన్న ఐడియాతో కొన్ని నెలలుగా బొమ్మలు గీస్తున్నా. మొదట తీసుకున్నది అసాసిన్స్ క్రీడ్ హీరోని. పంచె కట్టా, మెడలో దండలు వేశా, నడుముకి జరీ పట్టీ చుట్టా, ప్రతి అంచుకీ ముగ్గు డిజైన్ పెట్టా. రెండు వారాల పని అది. జూమ్ చేసి చూస్తే నాకే ముద్దొచ్చింది. రోజంతా బీజీఎంఐ ఆడే మా బాబాయి కొడుక్కి చూపించా. వాడు రెండు సెకన్లు చూసి, "అన్నా, గీడు అసాసిన్స్ క్రీడ్ వాడే కదనే? పంచె కట్టిండు, గంతే" అన్నాడు.

కోపం వచ్చింది. కానీ వాడు చెప్పింది నిజం. నేను హీరోని కొత్తగా ఊహించలేదు, పాత హీరోకి ఫ్యాన్సీ డ్రెస్ వేశా. మన బట్టలు పండక్కి, పెళ్లికి, స్కూల్ ఫంక్షన్‌కి తప్ప ఫైటింగ్‌కి పనికిరావని నాకు తెలియకుండానే ఒప్పుకున్నట్టయింది. అందుకే మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టా. ఈసారి ఐదు పరీక్షలు పెట్టుకున్నా. మీరూ ఇలాంటి డిజైన్లు ట్రై చేస్తుంటే ఇవి పనికొస్తాయి. అవేంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఒక ప్రశ్న: ఏది ఉంచాలి, ఏది మార్చాలి?

పాత హీరోని కొత్తగా ఊహించడం పెద్ద గేమ్ కంపెనీలు కూడా చేసే పనే. క్రేటోస్‌నే తీసుకోండి. 2005లో వచ్చిన మొదటి గాడ్ ఆఫ్ వార్‌లో గ్రీకు పురాణాల మధ్య తిరిగాడు. 2018 గేమ్‌లో చలి ప్రాంతమైన నార్స్ లోకానికి వెళ్లాడు. గుబురు గడ్డం వచ్చింది, చేతిలోకి గొడ్డలి వచ్చింది. కానీ బూడిద రంగు ఒళ్లు, ఎర్రటి టాటూ అలాగే ఉన్నాయి. పాత గొలుసుల వల్ల కాలిన మచ్చలు కనిపించకుండా చేతులకి గుడ్డ చుట్టుకున్నాడు. ఒక్క డైలాగ్ లేకుండా ఆ గుడ్డే అతని గతం చెబుతుంది.

లారా క్రాఫ్ట్ కూడా అంతే. 1996 టూంబ్ రైడర్‌లో షార్ట్స్, రెండు పిస్టళ్లు. 2013 రీబూట్‌లో కార్గో ప్యాంటు, చేతిలో విల్లు, ఒంటి నిండా మట్టి, గాయాలు. అనుభవం ఉన్న సాహసి స్థానంలో, ప్రాణం కాపాడుకోడానికి పోరాడే అమ్మాయి వచ్చింది. కథ మారింది కాబట్టి బట్టలు మారాయి.

అసాసిన్స్ క్రీడ్ సిరీస్‌లోనైతే హీరో, దేశం, శతాబ్దం అన్నీ మారతాయి. 2007లో అల్తాయిర్, 2009లో ఇటలీ కుర్రాడు ఎజియో. 2016లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ క్రానికల్స్: ఇండియాలో అర్బాజ్ మీర్ అనే హీరో, 1841 నాటి కథ. బట్టలు మారుతూ వచ్చాయి, తల మీద ముసుగు మాత్రం ఉండిపోయింది.

వీటన్నిట్లో నాకు అర్థమైన సూత్రం ఒకటే. హీరోని గుర్తుపట్టించే ఒకటో రెండో విషయాలు ఉంచాలి. మిగతావన్నీ కొత్త చోటు నుంచే పుట్టాలి. నేను చేసిన తప్పేంటంటే ముసుగు, కోటు, బెల్టు అన్నీ ఉంచేసి పైన మన డెకరేషన్ అతికించడం.

పరీక్ష 1: నల్లటి నీడ

డిజైన్ మొత్తాన్ని ఒకే నలుపు రంగుతో నింపేయండి. రంగులుండవు, ముఖం ఉండదు, డిజైన్లుండవు. ఇప్పుడు మిగిలిన ఆకారం చూసి ఇతనెవరో చెప్పగలరా? డిజైనర్లు దీన్నే సిల్హౌట్ అంటారు.

ఇందులో అందరికంటే సీనియర్ మారియో. 1981లో డాంకీ కాంగ్ గేమ్ చేసేటప్పుడు షిగేరు మియామోటో చేతిలో ఉన్నవి గుప్పెడు పిక్సెల్స్. జుట్టు గీయడం కష్టం కాబట్టి టోపీ పెట్టాడు. నోరు గీసే చోటు లేదు కాబట్టి పెద్ద ముక్కు, దాని కింద మీసం పెట్టాడు. చేతులు ఊగడం కనిపించాలని ఒంటికీ చేతులకీ వేర్వేరు రంగులొచ్చేలా ఓవరాల్స్ తొడిగాడు. స్టైల్ కోసం కాదు, కనిపించడం కోసం. ఆ లుక్ ఇప్పటికీ నడుస్తోంది.

2007లో వాల్వ్ చేసిన టీమ్ ఫోర్ట్రెస్ 2లో తొమ్మిది రకాల క్యారెక్టర్లు ఉంటాయి. ఏ ఒక్కరినైనా నీడ చూసి చెప్పేయొచ్చు. ఆన్‌లైన్ షూటర్‌లో ఇది అందం విషయం కాదు. ఎదురొచ్చేది ఎవరో తెలియకపోతే పారిపోవాలో, కాల్చాలో కూడా తెలియదు.

నా పంచె హీరోని నల్లగా నింపి చూశా. దండలు, జరీ, ముగ్గు అన్నీ మాయం. మిగిలింది అచ్చంగా పాత అసాసిన్ ఆకారం. మా తమ్ముడు రెండు సెకన్లలో ఎందుకు పట్టేశాడో అప్పుడు తెలిసింది.

గొంగడి ఎలా దొరికింది?

అసాసిన్ అంటే ముసుగు. మరి మన దగ్గర నిజంగా ముసుగు వేసుకునేది ఎవరు? ఈ ప్రశ్న ఇంటర్నెట్‌లో వెతికా. సమాధానం మా ఊరి రోడ్డు మీదే దొరికింది. ఒక వాన రోజు మెదక్ శివార్లలో గొర్రెల మంద అడ్డొచ్చి బండి ఆపా. మంద వెనకాల వస్తున్న పెద్దాయన నెత్తి మీద నుంచి నల్లటి గొంగడి. తల మీద కొసగా నిలబడి, భుజాల మీదుగా మోకాళ్ల దాకా జారింది. చేతిలో పొడవాటి కర్ర.

ఇంతకంటే మంచి ముసుగు హీరో ఎక్కడ దొరుకుతాడు?

గొంగడి గురించి తెలియనివాళ్ల కోసం చెప్తా. దక్కనీ గొర్రెల ఉన్ని వడికి, కురుమలు మగ్గం మీద నేసే ముతక దుప్పటి ఇది. దారం గట్టిపడటానికి చింతగింజల గంజి పెడతారు. అందుకే బిర్రుగా ఉంటుంది. వానొస్తే గొడుగు, చలేస్తే దుప్పటి, రాత్రికి పరుపు. ఎండకీ అదే. అంటే గేమ్ భాషలో చెప్పాలంటే ఒకే ఐటమ్, నాలుగు పనులు.

రెండో డిజైన్ గీసి, అదే పెద్దాయన మళ్లీ కలిస్తే ఫోన్‌లో చూపించా. ఆయన కాసేపు చూసి నవ్వి, "గొంగడి గట్ల కప్పుకోరు బిడ్డా, ఉరికితే జారిపోతది" అన్నాడు. నేను శాలువాలా భుజాల మీద వేశా. ఆయన తన గొంగడి తీసి, ఒక కొసని లోపలికి మడిచి, ఆ మడతని నెత్తి మీద ఆనించి చూపించాడు. ఆ మడత వల్లే తల మీద కొస నిలబడుతుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

ఆ ఒక్క మడత సరిచేస్తే నీడ మొత్తం మారిపోయింది. పైన కోసుగా, కింద వెడల్పుగా త్రికోణం, పక్కన నిలువు గీతలా కర్ర. అసాసిన్ ముసుగు గుర్తొస్తుంది, కానీ ఇది వేరే మనిషి. నేను రెండు వారాలు గీసిన ముగ్గులు చేయలేని పని ఒక మడత చేసింది. రిఫరెన్స్ ఫొటోలు ఎన్ని చూసినా, ఆ బట్ట రోజూ కట్టుకునేవాళ్లని ఒక్కసారి అడగడంతో సమానం కాదు.

పరీక్ష 2: కొలత

రెండో హీరో లారా క్రాఫ్ట్ నుంచి పుట్టింది. మెదక్ కోట ఎక్కే అమ్మాయి. ఆమె బట్టకి గొల్లభామ డిజైన్ వాడాలనుకున్నా. సిద్దిపేట గొల్లభామ చీరలు మీకు తెలిసే ఉంటాయి. 2016లో జిల్లాలు విడిపోయే దాకా సిద్దిపేట మన మెదక్ జిల్లాలోదే. తల మీద కుండతో నడిచే గొల్లభామ బొమ్మని మగ్గం మీదే నేస్తారు, దీనికి జీఐ గుర్తింపు కూడా ఉంది.

చీర నిండా వరసగా గొల్లభామలు పెట్టి గీశా. పెద్ద స్క్రీన్‌లో అదిరింది. ఫోన్ సైజుకి తగ్గిస్తే చీర మీద దుమ్ము పడ్డట్టుంది. ఎందుకో లెక్క చూద్దాం.

- మనిషి ఎత్తు 165 సెంటీమీటర్లు, స్క్రీన్ మీద 2.3 సెంటీమీటర్లు. అంటే దాదాపు 72 రెట్లు చిన్నది.
- బొమ్మ ఎత్తు 10 సెంటీమీటర్లు అనుకుంటే స్క్రీన్ మీద 1.4 మిల్లీమీటర్లు.
- 1080 పిక్సెల్స్ 6.8 సెంటీమీటర్లలో ఉన్నాయి కాబట్టి, ఆ బొమ్మకి దక్కేది దాదాపు 22 పిక్సెల్స్.
- గేమ్ లోపల 720 పిక్సెల్స్‌లో రెండర్ అయితే 15 పిక్సెల్సే.

ఆ 15 పిక్సెల్స్‌లో తల, కుండ, చేయి, లంగా, కాళ్లు అన్నీ పట్టాలి. పైగా హీరో పరుగెడుతుంటే చిన్న చిన్న డిజైన్లు మిలమిల మెరుస్తూ కళ్లకి ఇబ్బంది పెడతాయి. ఆ మెరుపు తగ్గించడానికి గేమ్ ఇంజిన్ దూరంలో ఉన్న వాటికి చిన్న సైజు టెక్స్చర్లు వాడుతుంది. వాటిని మిప్‌మ్యాప్స్ అంటారు. అవొచ్చాక మీ డిజైన్ మొత్తం ఒకే మసక రంగైపోతుంది. పోచంపల్లి ఇక్కత్ లాంటి సన్నటి డిజైన్లు వాడేవాళ్లు ఈ విషయం ముందే గుర్తుపెట్టుకోవాలి.

పరిష్కారం చాలా సింపుల్. ముప్పై గొల్లభామల బదులు ఒకటే పెట్టా, వీపు మీద, పెద్దగా. థర్డ్ పర్సన్ గేమ్‌లో ఆటగాడికి ఎక్కువసేపు కనిపించేది హీరో వీపే కదా! మనం మాత్రం డిజైన్ టైమంతా ముఖం మీద, ఛాతీ మీద పెడతాం. ఇప్పుడు ఆ బొమ్మకి 80 పిక్సెల్స్ దాకా వస్తున్నాయి, కుండ కూడా కనిపిస్తోంది.

కాపరి హీరోకీ ఇదే చేశా. అసాసిన్ల గుర్తు తీసేసి, గొంగడి వీపు మీద గండభేరుండం పెట్టా. మెదక్ కోట మొదటి ద్వారం మీద చెక్కి ఉన్న రెండు తలల పక్షి అది. రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి చిన్న సైజులోనూ ఆకారం చెదరదు. కోటలో సింహ ద్వారం, గజ ద్వారం కూడా ఉన్నాయి. సింహాన్నీ ట్రై చేశా, దూరం నుంచి కుక్కలా కనిపించింది. అందుకే వదిలేశా.

పరీక్ష 3: వెలుగు, చీకటి

రంగు కంటే ముందు వెలుగు. డిజైన్‌ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. అంతా ఒకే బూడిద రంగైపోతే, మీరు ఎన్ని రంగులు వాడినా దండగే. టీమ్ ఫోర్ట్రెస్ 2లో క్యారెక్టర్ల ఛాతీ దగ్గర, అంటే ఆయుధం పట్టుకునే చోట, వెలుగు ఎక్కువగా ఉంటుంది. కాళ్ల వైపు తగ్గుతుంది. ఆటగాడి చూపు ఎక్కడికి వెళ్లాలో డిజైనర్ అలా ముందే నిర్ణయిస్తాడు.

నాకు ఇది బుర్రకెక్కింది మాత్రం మా మెదక్ చర్చిలో. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన ఈ చర్చిలో క్రీస్తు పుట్టుక, శిలువ, ఆరోహణం చూపించే రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. వెలుగు బయట నుంచి రావాలి, మనం లోపల నిలబడాలి. పొద్దు గూకితే బొమ్మ ఉండదు. పగలు మాత్రం అంత దూరం నుంచి కూడా ఏ మనిషి ఎక్కడున్నాడో స్పష్టంగా తెలుస్తుంది. కారణం, పెద్ద పెద్ద రంగు ముక్కలు, వాటి మధ్య నల్లటి గీతలు, వెనక నుంచి వెలుగు. ఫోన్ డిస్‌ప్లే కూడా ఒక రకంగా వెలిగే అద్దమే కదా. అందుకే అదే పద్ధతి వాడా: రంగులు మూడు, ముక్కలు పెద్దవి, మధ్యలో ముదురు అంచులు.

ఇక్కడ గొంగడితో ఒక చిక్కొచ్చింది. గొంగడి నలుపు. అమోలెడ్ స్క్రీన్‌లో నలుపంటే ఆ పిక్సెల్ ఆరిపోవడమే. రాత్రి సీన్‌లో నా హీరో పూర్తిగా మాయమైపోయాడు. మామూలు ఎల్‌సీడీ ఫోన్‌లో మాత్రం కొంచెం బూడిదగా కనిపించాడు. దొంగచాటుగా తిరిగే హీరోకి మాయమవడం మంచిదే అనుకోవచ్చు, కానీ ఆడేవాడికీ కనిపించకపోతే ఎలా? రెండు మార్పులు చేశా. నలుపుని అచ్చమైన నలుపుగా కాకుండా ముదురు గోధుమ రంగు కలిసిన నలుపు చేశా. నిజం గొంగడిని ఎండలో చూస్తే అలాగే ఉంటుంది. రెండోది, వెనక నుంచి పడే సన్నటి వెలుగు అంచు, అంటే రిమ్ లైట్. చర్చి కిటికీ నేర్పిన పాఠమే.

పరీక్ష 4: కదలిక

బొమ్మ నిలబడి ఉన్నప్పుడు ఏ బట్టైనా బాగుంటుంది. పరుగెత్తాలి, దూకాలి, గోడ ఎక్కాలి. అసలు సమస్యలు అప్పుడే మొదలవుతాయి.

గేమ్‌లో క్యారెక్టర్ లోపల ఎముకల్లాంటి అమరిక ఉంటుంది. దాన్ని రిగ్ అంటారు. ఒంటికి అతుక్కున్న బట్ట ఆ ఎముకలతో పాటే కదులుతుంది. వేలాడే బట్టకి మాత్రం అదనపు ఎముకలో, క్లాత్ సిమ్యులేషనో కావాలి. సిమ్యులేషన్ అంటే ప్రతి ఫ్రేమ్‌కీ లెక్కలు. 60 ఎఫ్‌పీఎస్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి దొరికే టైమ్ 16.7 మిల్లీసెకన్లే. అందులోనే మ్యాప్, శత్రువులు, బుల్లెట్లు, నీడలు అన్నీ అవ్వాలి. బడ్జెట్ ఫోన్‌లో పది మంది హీరోల పైటలు గాల్లో ఎగిరితే ఫోన్ వేడెక్కడం, ఫ్రేమ్స్ పడిపోవడం ఖాయం. లెక్క సరిగా కుదరకపోతే కాలు బట్టలోంచి బయటికి పొడుచుకొస్తుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. మీరూ చాలాసార్లు చూసే ఉంటారు.

నా కోట అమ్మాయికి మొదట కుచ్చిళ్ల చీర కట్టా. మెట్లెక్కే పోజ్ గీయగానే ఫెయిల్. మోకాలు లేపితే చీర ఎటు పోవాలో నాకే అర్థం కాలేదు. అప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె జీవితాంతం గోచి చీరే కట్టింది. నాట్లేసేటప్పుడు మోకాలి లోతు బురదలో వంగేది, గట్లు దాటేది, నెత్తిన గంపతో నడిచేది. ఎప్పుడూ చీర అడ్డొచ్చిందని అనలేదు. కుచ్చిళ్లు కాళ్ల మధ్య నుంచి వెనక్కి పోయి నడుముకి బిగుస్తాయి, కొంగు నడుముకి చుట్టి దోపుతారు.

టెక్నికల్‌గా చూస్తే గోచి కట్టు ఒక అద్భుతం. బట్ట రెండు కాళ్లకీ విడివిడిగా చుట్టుకుంటుంది కాబట్టి కాలి ఎముకలతోనే కదులుతుంది. విడిగా సిమ్యులేషన్ అక్కర్లేదు. దోపిన కొంగు ఎగరదు. క్లిప్పింగ్ చాలా తక్కువ. గొంగడి కూడా అంతే. అది బిర్రుగా ఉండే ఉన్ని, పట్టు బట్టలా అలలు అలలుగా ఊగదు. నాలుగైదు అదనపు ఎముకలు పెడితే చాలు, సహజంగానే కనిపిస్తుంది.

పని కోసం పుట్టిన బట్ట గేమ్‌లోనూ పని చేస్తుంది. షోకేసులో పెట్టే బట్ట అక్కడా షోకేసులోనే ఉండాలి. ఈ ప్రాజెక్ట్‌లో నేను నేర్చుకున్న అతిపెద్ద విషయం ఇదే. మన బట్టలు ఫైటింగ్‌కి పనికిరావనుకున్నా. నిజానికి నేను తప్పు బట్టలు ఎంచుకున్నా.

పరీక్ష 5: ఇది తీసుకోవచ్చా?

మూడో హీరో క్రేటోస్. ఇతని మీద నాకు చాలా ఆశ ఉండేది. బోనాల్లో పోతరాజుని చూడని తెలంగాణ కుర్రాడు ఉంటాడా? ఒంటి నిండా పసుపు, నుదుట పెద్ద కుంకుమ బొట్టు, నడుముకి వేపాకులు, కాళ్లకి గజ్జెలు, చేతిలో కొరడా. క్రేటోస్ గొలుసు కత్తుల బదులు కొరడా, బూడిద ఒంటి బదులు పసుపు ఒళ్లు. నీడ పరీక్ష పాస్, వెలుగు పరీక్ష పాస్. గజ్జెల సౌండ్ వింటేనే హీరో వస్తున్నాడని తెలిసిపోతుంది. మూడు రోజుల్లో గీసేశా.

మాకు తెలిసిన ఒకాయన ఏటా పోతరాజుగా ఆడతాడు. గర్వంగా చూపించా. ఆయన తిట్టలేదు. ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టి, "ఇది ఏషం కాదురా. ఆ దినం నేను ఉపాసం ఉంట. నీ ఆటల వీడు సచ్చిపోతడా?" అని అడిగాడు.

గేమ్‌లో హీరో చస్తాడు. రోజుకి యాభై సార్లు చస్తాడు. ఆటగాడు బటన్ నొక్కి మళ్లీ లేపుతాడు. ఆయన అమ్మవారి ముందు నిలబడే రూపాన్ని నేను అక్కడ పడేస్తున్నా. నా దగ్గర సమాధానం లేదు.

ఆ డిజైన్ బయట పెట్టలేదు. పురాణాలు, దేవతలు గేముల్లోకి రాకూడదని నేననడం లేదు. పుణెకి చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో తెచ్చిన రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్ అందుకు మంచి ఉదాహరణ. అందులో దేవతలుంటారు, దుర్గమ్మ, విష్ణువు కథ చెబుతారు. కానీ ఆడేది మాత్రం రాజీ అనే మామూలు అమ్మాయిగా. బొమ్మల్లో పహాడీ చిత్రకళ ఛాయలుంటాయి. గౌరవం ఎక్కడ ఉంచాలో, ఆట ఎక్కడ మొదలవ్వాలో గీత గీసుకుని చేసిన పని అది. నేను ఆ గీత గీసుకోకుండా మొదలుపెట్టా.

ఇప్పుడు నా రూల్ ఇది. రోజూ పనిలో వాడే బట్ట అయితే అడిగి, నేర్చుకుని వాడతా. మొక్కుతో వేసుకునే రూపమైతే ఆ రూపంలో ఉండేవాళ్లు ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే వదిలేస్తా, డిజైన్ ఎంత బాగున్నా సరే.

నేను వాడిన సెటప్

పెద్ద గ్రాఫిక్స్ ట్యాబ్లెట్ ఏమీ లేదు. మొదలుపెట్టడానికి మీ దగ్గరున్న ఫోన్ చాలు.

- డ్రాయింగ్ యాప్: ఐబిస్ పెయింట్. ఉచితంగా మొదలుపెట్టొచ్చు, లేయర్లు ఉంటాయి. క్యాన్వాస్ పెద్దదయ్యే కొద్దీ, ర్యామ్ తక్కువున్న ఫోన్లలో దొరికే లేయర్లు తగ్గుతాయి. అందుకే మొదట చిన్న క్యాన్వాస్‌లో నీడలు మాత్రమే గీయండి.
- స్టైలస్: రబ్బరు మొన ఉన్న చవక స్టైలస్‌లకి ఒత్తిడి తెలియదు, గీత అంతా ఒకే మందం వస్తుంది. నీడలు గీయడానికి అది చాలు. శాంసంగ్ ఎస్ పెన్ లాంటివి 4096 స్థాయిల ఒత్తిడి గుర్తిస్తాయి, కానీ దాని కోసమే ఫోన్ మార్చాల్సిన పని లేదు.
- త్రీడీ: ఫోన్‌లో, ట్యాబ్లెట్‌లో మట్టి బొమ్మలా మలచడానికి నోమాడ్ స్కల్ప్ట్. కంప్యూటర్ ఉంటే బ్లెండర్, పూర్తిగా ఉచితం. గొంగడి మడత నాకు త్రీడీలో చేశాకే పూర్తిగా అర్థమైంది.
- డిస్‌ప్లే సెట్టింగ్స్: రంగులు వేసేటప్పుడు వివిడ్ మోడ్ తీసేసి నేచురల్ పెట్టుకోండి. ఐ కంఫర్ట్ లేదా నైట్ లైట్ ఆఫ్ చేయండి. నేను ఒక రాత్రంతా నైట్ లైట్ ఆన్‌లో ఉండగా రంగులేశా. పొద్దున చూస్తే గొల్లభామ నీలంగా ఉంది.
- చివరి టెస్ట్: బొమ్మని 2.3 సెంటీమీటర్లకి తగ్గించి, గేమ్ స్క్రీన్‌షాట్ మీద పెట్టి, ఫోన్‌ని చేతి దూరంలో పట్టుకుని చూడండి. తర్వాత ఎండలోకి వెళ్లి చూడండి. వీలైతే రెండు వేర్వేరు ఫోన్లలో చూడండి.

అమ్ముకోవచ్చా?

చాలామంది అడిగే ప్రశ్న కాబట్టి సూటిగా చెప్తా. లారా, క్రేటోస్, అసాసిన్ల గుర్తు ఇవన్నీ వాటి కంపెనీల ఆస్తి. ప్రాక్టీస్ కోసం గీసుకోవడం వేరు, టీషర్టుల మీద వేసి అమ్మడం వేరు. రెండోది చిక్కుల్లో పడేస్తుంది. మన వైపు కూడా ఒక మర్యాద ఉంది. గొల్లభామ వాడితే అది సిద్దిపేట నేతన్నల పని అని పేరు చెప్పండి.

నిజానికి ఐదు పరీక్షలూ దాటాక మీకు ఆ పాత హీరో పేరు అవసరమే ఉండదు. నా కాపరిలో ఇప్పుడు అసాసిన్ది ఏముంది? ముసుగు ఆలోచన ఒక్కటే, అది కూడా గొర్రెల వెనక నడిచే పెద్దాయన దగ్గర అంతకుముందు నుంచే ఉంది. కోట అమ్మాయిలో లారాది ఎక్కడం ఒక్కటే. పెద్ద హీరోలు మనకి మెట్లు. ఎక్కాక మెట్టుని నెత్తిన పెట్టుకుని తిరగాల్సిన పని లేదు. పుణె నుంచే సూపర్ గేమింగ్ వాళ్ల ఇండస్ బ్యాటిల్ రాయల్ 2024లో వచ్చింది. మన దేశపు లుక్ ఉన్న గేములు ఫోన్‌లోకి వస్తున్న టైమ్ ఇది. వాటికి హీరోలు కావాలి.

మొన్న మా తమ్ముడికి మళ్లీ చూపించా. ఈసారి రంగుల బొమ్మ కాదు, నల్లటి నీడ మాత్రమే, 2.3 సెంటీమీటర్ల సైజులో. వాడు గేమ్ పాజ్ చేయకుండానే ఒక చూపు చూశాడు.

"గొంగడి కప్పుకున్న కాపరి గదా. ఏ గేమ్‌ల ఉండె అన్నా? డౌన్‌లోడ్ చేస్త."

ఏ గేమ్‌లోనూ లేడు. ఇంకా.